ఇచ్చేసిన పిలుపు

మొన్న మా మనవరాలు జ్యోతి పిల్లాణ్ణి చంకనేసుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లాడికి ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. వాడు ఏదన్నా అంటే జ్యోతి ఫోను ఎత్తి పట్టుకుంటుంది. ఏమీ అనకపోతే అదే ఫోను వాడి చేతిలో పెడుతుంది. అందులో ఒక బొమ్మ గెంతుతూ రంగుల పేర్లు ఇంగ్లీషులో చెబుతూ ఉంటుంది. వాడు దానికేసి నోరు తెరుచుకుని చూస్తాడు, తిరిగి ఒక్క ముక్క అనడు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అబ్బాయి ప్రకాశం, యాభై దాటిన మనిషి, విస్తరి ముందు చెయ్యి చాపి, "మామ్మా, కాసింత సారు పొయ్యి" అన్నాడు. జ్యోతి భర్త గోదావరి వైపు పిల్లాడు, మర్యాదస్తుడు. నవ్వు ఆపుకుంటూ, "ఏమీ అనుకోకండి, మామయ్యగారు కన్నతల్లిని మామ్మ అంటారేంటండీ?" అని అడిగాడు. ప్రకాశం తల ఎత్తలేదు. జ్యోతే, "మా ఇంట్లో అంతే. మరియత్త కూడా మామ్మనే అంతాది. సిన్నప్పట్నుంచీ నాను వింతన్నది అదే" అని చెప్పి కూర వడ్డించుకుంది. దానికి తెలియదు. దానికి చెప్పినవాళ్ళు లేరు. నేను అన్నింట్లో లాగే మాటల్లోనూ పొదుపు మనిషిని. ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పడం నా వల్ల కాదు. చర్చివాళ్ళ మిషను బడిలో రెండు తరగతులు చదివిన పుణ్యాన అక్షరాలు మాత్రం వచ్చు. అందుకని రాస్తున్నాను.

జ్యోతి పుట్టేనాటికి మాది జీడితోటల మధ్య పెంకుటిల్లు. నా భర్త అప్పటికే పోయారు. ఇంట్లో నేను, ప్రకాశం, వాడి భార్య కరుణ, ఇంకా పెళ్ళి కాని నా కూతురు మరియ. ప్రకాశం కొబ్బరి దింపులకి పోయేవాడు, మేం ఆడవాళ్ళం ఇంట్లో జీడిపప్పు ఒలిచేవాళ్ళం. కాల్చి, కొట్టి, ఆరబెట్టిన పప్పు సంచుల్ని షావుకారు మనిషి పలాస నుంచి తెచ్చి దింపి పోయేవాడు. మేము గోటితో, చిన్న చాకుతో పై పొట్టు తీసి, విరగకుండా నిలిచింది గుండు, రెండుగా చీలింది బద్ద, నలిగింది ముక్క అని వేరువేరు చేటల్లో పోయాలి. ఇల్లంతా కాలిన జీడి వాసన. గాలి తిరిగితే పక్కవాళ్ళ గుంటలో నానే కొబ్బరి పీచు వాసన. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, వార్చిన గంజి చుక్క నేల పాలు కాకూడదు. పొయ్యిలో నిప్పు ఆరితే అగ్గిపుల్ల గియ్యనిచ్చేదాన్ని కాదు, కొబ్బరి చిప్ప పట్టుకుని పక్కింటికి పోయి నిప్పు తెచ్చుకోవాల్సిందే. పప్పు దగ్గర కూర్చుంటే ఎవ్వరూ కబుర్లు చెప్పకూడదు. మాటల్లో పడితే వేలు బరువెక్కుతుంది, గుండు కాస్తా బద్ద అవుతుంది. అందుకని మా ఇంట్లో పగలంతా పొట్టు రాలే చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. మధ్య మధ్యలో ఒక పిలుపు, దానికో జవాబు. అంతే. ఆ పిల్ల ఆ నిశ్శబ్దంలో పెరిగింది.

నిశ్శబ్దంలో పెరిగినా పిల్లకి మాటలు రాకుండా పోలేదు. మేమెవరం కూర్చోబెట్టి నేర్పింది లేదు, చేటల దగ్గర పాకుతూ అదే ఏరుకుంది. మొదట వచ్చినవి గుండు, బద్ద. ఒకసారి ఆ రెండూ చేతికి దొరికాక లోకమంతా వాటితోనే సర్దుకుంది. కొబ్బరికాయ గుండు, కొట్టిన చిప్ప బద్ద. ప్రకాశం తల గుండు. పున్నమి నాడు పెరట్లో కరుణ ఎత్తుకుని చూపిస్తే ఆకాశంలో గుండు, తర్వాత కొన్నాళ్ళకి అదే చోట బద్ద. ఇంకో మాట ఆమెన్. దీపం పెట్టే వేళ మేం ప్రార్థన ముగించి ఆమెన్ అనేవాళ్ళం కదా, అది దానికి అయిపోయిందన్న మాటగా అర్థమైంది. అంబలి గిన్నె ఖాళీ అయితే ఆమెన్. సోంపేట బస్సు మలుపు తిరిగి కనబడకపోతే ఆమెన్. పక్కింటి దాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. "ఓలమ్మా, మీ గుంట సర్చి అయ్యగారికన్నా ఎక్కువ పార్దన సేత్తన్నాది. ఏటే, మా కోడి సచ్చిపోనాది, దానికీ ఓ ఆమెనంటావా?" అనేది. పిల్ల చచ్చిన కోడి కేసి చూసి ఎంతో గంభీరంగా ఆమెన్ అనేది. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నేను పప్పు మీద నుంచి చూపు తిప్పేదాన్ని కాదు గానీ నాకూ నవ్వొచ్చేది.

అయితే ఆ పిల్ల కరుణని వదినా అనేది. నన్ను అమ్మా అనేది. ఇది మా వైపు కొత్త కాదు. నలుగురున్న ఇంట్లో పిల్లలు తమ కోసం పెట్టిన పిలుపు కాదు, ఎక్కువగా వినబడే పిలుపు పట్టుకుంటారు. మరియ పొద్దున లేచింది మొదలు, "వదినా నీళ్ళు", "వదినా, పాప లెగిసింది" అంటూ ఉండేది. నా పిల్లలిద్దరూ నన్ను అమ్మా అనేవాళ్ళు. మా ఆచారం ప్రకారం ప్రకాశం నలుగురిలో భార్యని పేరు పెట్టి పిలవడు, ఏ పిలుపూ పిలవడు, గొంతు సవరించుకుంటాడు. ఇక పిల్ల ఏం నేర్చుకుంటుంది? నా భర్త కూడా వాళ్ళ చిన్నాన్నలున్న ఇంట్లో పెరిగి, తన తల్లిని పోయేదాకా వదినా అనే పిలిచారు. మా అత్తగారు అడ్డపొగ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఓయ్ అని పలికేది. ఎవరికీ తప్పుగా తోచలేదు. అందుకే దాలమ్మ వచ్చి, "ఏటే, మీయమ్మ ఎవులే?" అంటే జ్యోతి వేలు నా వైపు చాపినప్పుడు అందరం నవ్వేసి ఊరుకున్నాం. కొందరు పిల్లలు కాస్త పెద్దయ్యాక తామే సర్దుకుంటారు, కొందరు సర్దుకోరు. తొందరేముంది అనుకున్నాం.

కరుణకి మొదట ఆకలి పోయింది. తర్వాత పాదాలు వాచాయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. సోంపేటలో చూపిస్తే విశాఖపట్నం తీసుకుపొమ్మన్నారు. మా ఉద్దానంలో ఆ కిడ్నీల జబ్బు ఇంటింటికీ తిరుగుతున్నదని మాకు అప్పుడప్పుడే తెలుస్తోంది, అది కొబ్బరి చెట్టెక్కే మగవాళ్ళకి వస్తుందనుకున్నాం గానీ ఇంత చిన్నదానికి వస్తుందనుకోలేదు. ప్రకాశం దాన్ని పలాసలో రైలెక్కించి తీసుకుపోయాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి తోటల్లో జీడి పూత మొదలయింది. కరుణ ముఖం ఉబ్బి, రంగు మారి, నేనే ఒక్క క్షణం పోల్చుకోలేదు. అది గుమ్మంలోంచే చేతులు చాపింది. జ్యోతి వచ్చి నా వెనక చేరి, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ముఖం చాటేసి, "అమ్మా, వదినొచ్చింది" అంది. మరియ నవ్వబోయి ఆగిపోయింది. కరుణ చాపిన చేతులు నెమ్మదిగా దించుకుని, చెప్పులు విడిచి, లోపలికి పోయి మంచం మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను పెరట్లో చేటలు దులుపుతుంటే కరుణ గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆ పిల్ల మా ఇంట కాలు పెట్టినప్పటి నుంచి నన్ను ఏదీ అడగలేదు. నేను అడగనిచ్చే మనిషిని కూడా కాదు. చీర కావాలన్నా మరియ చేత చెప్పించేది. ఆ రోజు నా ఎదురుగా నిలబడి, "అత్తా, ఒకటడుగుతాను. కాదనకు" అంది. "కూకుని అడుగు" అన్నాను. కూర్చోలేదు. "నాను పోయినాక నా బిడ్డ వదిన సచ్చిపోనాది అనుకుంతాది. వదినలు సత్తే ఎవులు ఏడుత్తారు అత్తా? పెద్దయినాక ఎవులైనా మీయమ్మ ఏదంటే, ఇంట్లోనే ఉన్నాదని నిన్ను సూపిత్తాది. నాను కన్నట్టే ఉండదు. ఒక్క మాట, అమ్మ అనిపించు. ఇంకేటీ అడగను" అంది. ఏడవలేదు. నేను చేటలు గోడకి ఆనించి, "ఎండలో నిలబడకు, లోనికి పో" అన్నాను. నా భర్తకి వదినా అన్న పిలుపు సర్దుకోవడానికి జీవితమంతా ఉంది, అయినా ఆయన సర్దుకోలేదు. కరుణ దగ్గర అంత కాలం లేదు.

మొదట అందరూ చేసేదే చేశాం. పిల్లని కరుణ ముందు కూర్చోబెట్టి, అమ్మ అను, అమ్మ అను అని మరియ పోరింది. పిల్ల బుర్ర అటు తిప్పేసుకునేది. మరీ పోరితే నాకేసి చూసి అమ్మ అనేది. అప్పుడు నాకొకటి తెలిసింది. పిల్లలు నోట్లో పెట్టింది ఉమ్మేస్తారు, నేల మీద పడింది ఏరుకుని తింటారు. మాటలూ అంతే. గుండు, బద్ద దానికి ఎవరు నేర్పారు? మనకి మనం అనుకుంటుంటే అది పట్టుకుంది. మరైతే నేల మీద పడాల్సింది ఏమిటో మేమే చూసుకోవాలి. ఆ సాయంత్రం ప్రార్థన కాగానే నా పిల్లలిద్దర్నీ ఎదుట కూర్చోబెట్టి చెప్పాను. "రేప్పొద్దున్నుంచి ఈ ఇంట్లో అమ్మంటే కరుణ ఒక్కతే. ఇంకెవులూ కాదు. మరియా, వదినా అన్నావంటే నోటి మీద కొడతాను. పెకాశం, నువ్వు గొంతు సవరించడం మాని, అమ్మా అని నోరారా పిలువు. నాను కూడా అలాగే పిలుత్తాను. నన్ను మీరిద్దరూ మామ్మా అనండి. అమ్మా అంటే నాను పలకను." ప్రకాశం తెల్లబోయాడు. "పెళ్ళాన్ని అమ్మా అనాలేటి? ఊరు నవ్వుతాది" అన్నాడు. "నవ్వనీ" అన్నాను.

ఊరు నవ్వింది. దాలమ్మ బావి దగ్గర చెప్పేసింది. "సూసినారా, పెకాశం పెళ్ళాన్ని అమ్మంతన్నాడు! ఆ ముసిల్ది కోడల్ని అమ్మా, అమ్మా అంతన్నాది. ఇల్లు ఇల్లంతా ఎర్రెక్కిపోనాది." తర్వాత సంగతి తెలిసి, అదే దాలమ్మ గోడ మీద నుంచి, "అమ్మా కరుణా, మజ్జిగుందేటి?" అని అరవడం మొదలు పెట్టింది, దానింట్లోనే పాడి ఆవు ఉందని ఊరందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ మాట నోట తిరగడం కష్టమైంది. కోడల్ని ఏమే, ఓలే అని తప్ప పిలిచిన నోరు కాదు. మొదటి రోజు పొయ్యి దగ్గర నిలబడి, "అమ్మా, అంబలి తాగుదువు గాని రా" అన్నాను. లోపలి గదిలోంచి ఓయ్ అని జవాబు రావడానికి కాసేపు పట్టింది. ప్రకాశం ఎండన పడి వచ్చి అలవాటుగా, "అమ్మా, అన్నం పెట్టు" అని కేకేస్తే నేను చేట ముందు నుంచి కదలలేదు. వాడు మళ్ళీ పిలిచాడు. కదలలేదు. చివరికి నాకు మాత్రమే వినబడేలా మామ్మా అన్నాడు, అప్పుడు లేచాను. మరియకి ఒకసారి జ్వరం తగిలి, ఒళ్ళు తెలియక అమ్మా, అమ్మా అని మూలిగింది. నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను, నోరు మాత్రం మెదపలేదు. పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. పక్క గదిలో మంచం మీద నుంచి కరుణే, "ఓయ్, ఏటి మరియా, ఇక్కడే ఉన్నాను" అని పలికింది.

కరుణకి మాత్రలు వేళకి వేసేవాళ్ళం. పెద్దది చాకుతో రెండు చేసి సగమే వెయ్యాలి. జ్యోతి పక్కన కూర్చుని బద్ద అని చెప్పేది. అలా తల్లి మంచం దగ్గరికి వెళ్ళడం దానికి అలవాటయింది. ఒక మధ్యాహ్నం నేను పప్పు ఒలుస్తున్నాను. పిల్ల నా చేటలోంచి నిండు గుండొకటి తీసింది. మా ఇంట్లో షావుకారు పప్పు ఒక్క పలుకు కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు, నా కన్నబిడ్డల్నే వేళ్ళ మీద కొట్టిన దాన్ని. చెయ్యి ఎత్తాను. పిల్ల నన్ను చూడనే లేదు. తూలుకుంటూ లోపలి గదిలోకి పోయి, నులక మంచం పట్టీ పట్టుకుని నిలబడి, కరుణ పెదాల మధ్య దాన్ని దూర్చి, "అమ్మా, గుండు" అంది. ఎత్తిన చెయ్యి అలాగే దించుకున్నాను. డాక్టరు వద్దన్న వాటిలో జీడిపప్పు కూడా ఉంది. కరుణ నమలలేదు. దాన్ని బుగ్గన పెట్టుకుని చాలాసేపు పిల్లనే చూస్తూ పడుకుంది. తర్వాత కూడా పిల్ల రెండు మూడు రోజులు వదినా అని, మళ్ళీ నాలిక మళ్ళించుకుని అమ్మా అనేది. ఆ తర్వాత ఇక తప్పలేదు. వానలు పడేదాకా ఆ మాట మా ఇంట్లో వినబడింది. అమ్మా నీళ్ళు, అమ్మా కాకి, అమ్మా రా. కరుణ లేవలేకపోయినా ప్రతిదానికీ ఓయ్ అని పలికేది. గొంతు పోయాక మంచం పట్టీ మీద వేలితో కొట్టేది.

సమాధి దొడ్డిలో అయ్యగారు ప్రార్థన చేశారు. చివర్న అందరూ ఆమెన్ అన్నారు. నా చంకలో ఉన్న పిల్ల, ఖాళీ గిన్నెకీ బస్సుకీ చచ్చిన కోడికీ ఆమెన్ చెప్పిన పిల్ల, గోతిలోకి చూస్తూ నోరు మూసుకుని ఉంది. ఇంటికొచ్చాక చుట్టాల్లో పెద్దవాళ్ళు నన్ను పక్కకి పిలిచి మంచి మాటలు చెప్పారు. "పసిగుంట. నాలుగు దినాల్లో మరిసిపోతాది. నిన్నే అమ్మా అనమను. ముందర అలాగే అనేది కాదేటి? తల్లి నేదన్న బాధ ఉండదు." వాళ్ళు చెప్పింది నిజం, మళ్ళిస్తే మళ్ళుతుంది. నేను ఒప్పుకోలేదు. ఆ మాట నేను పుచ్చుకుంటే ఇక కరుణకి ఈ లోకంలో ఏమీ మిగలదు. దాని పేరు మీద ఇల్లు లేదు, పొలం లేదు, ఒక ఫోటో కూడా సరైనది లేదు. ఉన్నది ఆ పసిదాని నోట్లో ఒక్క మాట. పిల్ల గదులన్నీ తిరుగుతూ అమ్మా అని పిలిచేది. జవాబు వచ్చే వరకు ఆగి, మళ్ళీ పిలిచేది. మంచం పట్టీ మీద తానే వేలితో కొట్టి చూసేది. నేను పక్కనే పప్పు ఒలుస్తూ ఉండేదాన్ని, పలికేదాన్ని కాదు. ఏడిస్తే ఎత్తుకునేదాన్ని. "అమ్మ నేదు, నాను మామ్మని" అని మాత్రం చెప్పేదాన్ని. ప్రకాశానికీ మరియకీ కూడా పాత పిలుపు తిరిగి ఇవ్వలేదు. ఇంట్లో ఒకరు ఇంకొకర్ని అమ్మా అని పిలవడం, దానికి జవాబు రావడం ఆ పిల్ల వినకూడదనుకున్నాను. అలా అలా అది అలవాటై, పిల్ల బడికి పోయి, పెద్దదై, పెళ్ళి చేసుకుని పోయింది. దానికి తల్లి ముఖం గుర్తు లేదు. కానీ మీయమ్మ ఎవరని ఎవరడిగినా కరుణ అని చెబుతుంది. మరియ తన పిల్లల చేత అమ్మా అనిపించుకుంటోంది, నన్ను చూడగానే మామ్మా అంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో పప్పు పని లేదు. నిశ్శబ్దమూ లేదు, టీవీ ఒకటి, ఫోనొకటి ఎవరూ అడగకుండానే మాట్లాడుతూ ఉంటాయి. అన్ని మాటలు వినబడుతున్నా జ్యోతి కొడుకు నేర్చుకున్నది తండ్రి నోటి నుంచే. తల్లిని జ్యోతీ అని పిలుస్తున్నాడు. "సూడు మామ్మా, పేరెట్టి పిలుత్తన్నాడు, ఎంత ముద్దుగా ఉందో" అని అది వీడియో తీసుకుంది. తీసుకోనీ. అది ఆరోగ్యంగా ఉంది, సర్దుకోవడానికి వాడికి బోలెడు కాలముంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా వాళ్ళు వెళ్ళే రోజు మధ్యాహ్నం కంచాలు పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి, వసారా కేసి తిరిగి, "అమ్మా, అన్నం తిందువు గాని రా, సల్లారిపోతాది" అన్నాను. జ్యోతి తల తిప్పలేదు, దాన్ని ఎప్పుడూ ఎవరూ అలా పిలిచింది లేదు. పిల్లాడు మాత్రం ఫోను మీద నుంచి చూపు ఎత్తి, నన్నూ వాళ్ళమ్మనీ మార్చి మార్చి చూశాడు. పెరట్లో ప్రకాశం గునపానికి గుచ్చి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఆ చప్పుడు ఆగిపోయింది. పీచు అంటిన చేతులతోనే వచ్చి, గుమ్మంలో నిలబడి, కరుణ మంచం ఉండే గదిలోకి చూశాడు. "ఎవుల్ని పిలిసినావు?" అన్నాడు. "నీ కూతుర్నే" అన్నాను. వాడు నాకేసి తిరిగాడు. అమ్మా అనడానికి తెరిచినట్టు నోరు తెరిచాడు, అక్కడే ఆగిపోయాడు. నేనూ ఎదురు చూడలేదని చెప్పను. తర్వాత పెదాలు మూసుకుని, "మామ్మా, కాసిన్ని నీళ్ళియ్యి" అన్నాడు. ముంచి ఇచ్చాను.